మాట్లాడుకున్న బోటు

మా వైపు బండిని అద్దెకు తీసుకున్నాం అని ఎవరూ అనరు. మాట్లాడుకున్నాం అంటారు. పెళ్ళికి జీపు మాట్లాడతారు, కాయలకు లారీ మాట్లాడతారు, పురిటి నొప్పులకు ఆటో మాట్లాడతారు. ఆ లెక్కన మేము ఆడవాళ్ళందరం కలిసి ఒక బోటు మాట్లాడుకున్నాం. మొత్తం మాకే. నడిపే ఆయన, వండిపెట్టే ఆయన బోటుతో పాటే వస్తారు, వేరే మనిషి కాలు పెట్టడు. అంత పెద్ద బోటును మాట్లాడుకున్నాం గానీ, అందులో ఎక్కినవాళ్ళలో ఇద్దరికి మాత్రం ఒకరితో ఒకరికి మాటల్లేవు. చెప్పబోయేది ఆ ఇద్దరి సంగతే.

ఒకామె మా వదిన. మా ఆయనకు అక్క. పుంగనూరులో ఉంటుంది. రెండో ఆమె నా చెల్లెలు. కుప్పంలో ఇచ్చాం. నేను మదనపల్లెలో, ఇద్దరికీ దూరంగా, ఇద్దరి మధ్యా నలుగుతూ ఉంటాను. మార్కెట్ యార్డులో టమోటా కాయలు ఏరే పని నాది. పండు ఒక పక్కకు, దోర ఒక పక్కకు, పగిలింది ఒక పక్కకు. లారీ హారన్ల మీద, వేలం పాటల మీద అరిచి అరిచి నా గొంతు రంపం అయిపోయింది. నేను వీధి మొదట్లో కూరగాయలామెతో మాట్లాడుతుంటే మా ఆయన ఇంట్లోనించి లేచి తలుపు తీసేవాడు. పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు వీధి మొదట్లో ఎంత అరిచినా తలుపు నేనే తీసుకోవాలి.

ఆయన దినాల నాడే వీళ్ళిద్దరికీ చెడింది. ఇంటినిండా జనం. నన్ను ఒక మూల కూర్చోబెట్టారు. వదిన పటం ముందు పడి ఏడుస్తోంది. తమ్ముడంటే ఆమెకు ప్రాణం, పైగా ఏడుపులో ఆమెకు పేరుంది. పుంగనూరులో ఎవరింట్లో చావైనా కబురు చేసి పిలుచుకుపోతారు. నా చెల్లెలు నీళ్ళ చెంబు పట్టుకుని ఆమె పక్కన వంగింది. ఏదో అంది. వదిన ఏడుపు టక్కున ఆగిపోయింది. లేచి నిలబడి కొంగు దులిపింది.

"నా తమ్ముని మీద ఒట్టు. ఈ జన్మలో దీంతో మాట్లాడితే నన్ను అడగండి" అంది.

నా చెల్లెలు తక్కువ తిందా? చెంబు కింద పెట్టి, "మా బావ మీద ఒట్టు. నాక్కూడా అక్కర్లేదు" అంది.

పటంలో ఆయన దండ వేసుకుని చూస్తున్నాడు. బతికినంత కాలం ఆయన మాట మీద ఒక గ్లాసు కాఫీ ఇచ్చినవాళ్ళు లేరు. పోయినాక ఒకే పూట ఆయన మీద రెండు ఒట్లు.

చెల్లెలు ఏమందని వదినను ఎన్నిసార్లు అడిగానో. "ఆ మాట నా నోటితో అననమ్మా" అనేది. నువ్వు ఏమన్నావే అని చెల్లెల్ని అడిగితే, "ఏడవొద్దంటిని అక్కా, అంతే" అనేది. ఏడవొద్దంటే ఎవరైనా ఒట్టు వేసుకుంటారా? అందుకని నేను ఇద్దరి మాటా నమ్మలేదు.

అప్పట్నించి నేను వాళ్ళ మధ్య ఫోను తీగను. పక్కపక్కన కూర్చున్నా నా మీదుగానే మాట పోవాలి. "ఆమెను కొంచెం జరగమని చెప్పమ్మా" అని వదిన. "జరిగేదానికి ఈడ సోటు లేదని చెప్పక్కా ఆయమ్మకు" అని చెల్లెలు. ఇద్దరికీ ఇద్దరి మాటా వినపడుతుంది. అయినా నేను మళ్ళీ మొదట్నించీ చెప్పాలి. చెప్పకపోతే ఇద్దరూ నా మీదే అలుగుతారు.

అట్లా ఇంకెన్నాళ్ళు నడిచేదో తెలియదు. గొంతు డాక్టరు అడ్డం వచ్చాడు. లోపల తీగ మీద చిన్న గడ్డ ఉంది, తీసేయాలి, తీసి పరీక్షకు పంపాలి అన్నాడు. భయం లేదు అని రెండుసార్లు అన్నాడు. ఒక్కసారి అని ఊరుకున్నా నేను నమ్మేదాన్ని. ఆపరేషన్ అయినాక నేను చెప్పేదాకా నోరు తెరవకూడదు, గుసగుస కూడా పనికిరాదు, ఏం కావాలన్నా కాగితం మీద రాసి చూపించు అన్నాడు. నాకు వచ్చింది సంతకం, బస్సు బోర్డు. సంతకం పెట్టి మంచినీళ్ళు ఎట్లా అడుగుతారు?

సంగతి తెలిసి వదిన ఫోను చేసింది. "నేనొస్తాండా. నువ్వు లేసేదాకా నీ ఇంట్లోనే ఉంటా." ఆ ఫోను పెట్టీ పెట్టకముందే చెల్లెలు. "అక్కా, సంచి సర్దుకుంటాండా."

గడ్డ సంగతికి కూడా నేను అంత భయపడలేదు. ఊహించుకోండి. ఒకే ఇల్లు. మంచం మీద నోరు కట్టేసుకున్న నేను. అటొకరు, ఇటొకరు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా ఒకామె ఇంకొకామెకు చెప్పదు. మాత్ర ఇచ్చారో లేదో ఒకరినొకరు అడగరు. ఒకే మాత్ర ఇద్దరూ వేస్తారు, లేదా ఇద్దరూ మరిచిపోతారు. ఒకరిని రావద్దంటే ఆ ఒకామెకూ నాకూ మాటలు పోతాయి. కత్తి పడేలోపల వీళ్ళ నోళ్ళు విప్పించాలి. అదొక్కటే నాకు పట్టుకుంది.

మా యార్డులో కాయ తగ్గిన కాలంలో మేము ఏరేవాళ్ళం అందరం కలిసి ఎటైనా పోయివస్తాం. మా గుంపును నడిపే ఆమెను మేస్త్రమ్మ అంటాం. ఈసారి ఆమె ఫోనులో కేరళా బోటు చూపించింది. తాటాకు గుడిసెను నీళ్ళ మీద పెట్టినట్టుంది. ముందు కుర్చీలు, వెనక వంటిల్లు.

"జీపు మాట్లాడినట్టే, డ్రైవరుతో సహా" అంది. "పొద్దుటిపూట ఎక్కితే సాయంత్రం దాకా నీళ్ళల్లోనే. నడిమద్దెలో దిగుతానంటే దిగే దావ లేదు."

దిగే దావ లేదన్న మాట నాకు నచ్చింది. బొమ్మలో నీళ్ళు, దూరంగా గట్టు. ఆ గట్టు చూడగానే మా ఆయన గుర్తొచ్చాడు.

ఆయనకు ఒట్లంటే లెక్కలేదు. "నీ మీద ఒట్టు, రేపట్నించి బీడీ ముట్టను" అనేవాడు. మరుసటి రోజు కాలువ గట్టు మీద కూర్చుని పొగ వదులుతూ కనిపించేవాడు. "ఒట్టు ఏమాయె?" అంటే, "ఇదో, పక్కనే పెట్టినా. ఇంటికొచ్చేటప్పుడు ఎత్తుకొస్తా" అని గట్టు మీద చోటు చూపించేవాడు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టమని లోకమంతా అంటుంది. నిజంగా పెట్టి, మళ్ళీ ఎత్తుకుని ఇంటికి తెచ్చుకునే మనిషిని మాత్రం నేను ఆయన్ని ఒక్కణ్ణే చూశాను.

ఒట్టు వేసింది ఆయన మీదే కదా. ఆయన పద్ధతిలోనే తీయిస్తే తప్పేముంది అనుకున్నాను.

నాతో పాటు ఇద్దరినీ రమ్మన్నాను గానీ, ఒకరు వస్తున్నట్టు ఇంకొకరికి చెప్పలేదు. మదనపల్లె నుంచి వ్యాను మాట్లాడుకుని పుంగనూరు బస్టాండులో వదినను ఎక్కించుకున్నాం. కుప్పం స్టేషనులో రైలెక్కాలి. ప్లాట్‌ఫారం మీద బెంచీలో, ఒళ్ళో టిఫిను క్యారియరు పెట్టుకుని నా చెల్లెలు కూర్చుని ఉంది. వదిన నిలబడిపోయింది.

"ఈమె వస్తాదని నాకు యాల చెప్పలేదు?"

"చెప్పింటే నువ్వొచ్చేదానివా వదినా?"

"వచ్చేదాన్ని కాదు."

"అందుకే."

వెనక్కి తిరిగి చూసింది. వ్యాను అప్పటికే పోయింది. చెల్లెలు బెంచీ మీద నుంచి లేవకుండానే, "అక్కా, పులిహోర అందరికీ సరిపోయేట్టు చేసినా అని చెప్పు. ఒకరు ఎగస్ట్రా వచ్చినా పరవాలేదని చెప్పు" అంది. ఆ పులిహోర వదిన రెండుసార్లు పెట్టించుకుని తింది, నా చేత్తో. పెట్టిన చెయ్యి వేరే కాబట్టి ఒట్టు చెడలేదట.

రైలు దిగి, బస్సెక్కి, అలెప్పీలో బోట్లు నిలిపే రేవుకు చేరేసరికి నా గొంతు సగం పోయింది. దారిపొడుగునా కిటికీ మూయమని ఒకామె, ఉక్కపోస్తుందని ఇంకొకామె. రైలు చప్పుడు మీద అన్నీ నేనే అరవాలి.

బోటాయన తెల్ల చొక్కా వేసుకుని, నెత్తిన టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మేస్త్రమ్మ పోయి, "నమస్తే డ్రైవరప్పా" అంది. ఆయన టోపీ ముట్టుకుని, "క్యాప్టన్" అన్నాడు.

"క్యాప్టనంటే క్రికెట్టుకు కదే?" అంది మేస్త్రమ్మ మా వైపు తిరిగి. "సరే లే. క్యాప్టనప్పా, బ్రేకులు బాగుండాయా?"

ఆయనకు తెలుగు రాదు. అరవం కొంచెం తెలుసు. మాలో అరవం వచ్చింది నా చెల్లెలు ఒక్కతికే. కుప్పంలో కొళాయి దగ్గరకు పోవాలన్నా మూడు భాషలు కావాలి. వదినకు పుంగనూరు సంతలో నేర్చిన కన్నడం వచ్చు, అరవం ముక్క రాదు. నాకు మదనపల్లె తెలుగు, అది కూడా గొంతు ఉన్నంత వరకే.

ఎక్కేముందు ఇద్దరినీ రేవు గట్టు మీద నిలబెట్టాను. మేము ఊరినుంచి ఒక సంచి టమోటాలు తెచ్చుకున్నాం. ఊరు కాని ఊర్లో, ఎవరో ఏరిన కాయతో చారు తాగే ఖర్మ మాకింకా రాలేదు. సంచిలోంచి రెండు కాయలు తీసి చెరొకటి ఇచ్చాను.

"ఇవి మీ ఒట్లు. ఆయన ఏం చేసేవాడో ఇద్దరికీ తెలుసు. గట్టు మీద పెట్టండి. నీళ్ళల్లో ఉన్నంతసేపు మీకు ఒట్టు లేదు. గట్టుకు వచ్చినాక కావాలంటే మళ్ళీ ఎత్తుకోండి. ఆయన మీద వేసిన ఒట్టు, ఆయన భార్యగా చెప్తున్నా."

వదిన కాయను తిప్పి చూసింది. "ఇది దోరకాయ. నా ఒట్టు ఇంత పచ్చిగా ఉంటాదా?" అని సంచిలో చెయ్యి పెట్టి మంచి పండు ఏరుకుని, గట్టు రాయి మీద పెట్టింది. చెల్లెలు తన కాయ దానికి తగలకుండా జానెడు దూరంలో పెట్టింది.

బోటు కదిలింది. నేను ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాను. ఇద్దరూ నోరు విప్పరే! వదిన ఎడమ గట్టు చూస్తూ కూర్చుంది, చెల్లెలు కుడి గట్టు. ముందు నువ్వు మాట్లాడు అంటే ముందు నువ్వు మాట్లాడు అని. నీళ్ళకన్నా ఒక జానెడు కిందుగా వరి మళ్ళు, మధ్యలో సన్నటి గట్టు, దాని మీద ఇళ్ళు, ఇళ్ళ ముందు పళ్ళు తోముకుంటున్న మనుషులు. మా వైపు బోరు ఎంత లోతు వేసినా దుమ్మే లేచే రోజులుంటాయి. ఇక్కడ నీళ్ళకు అడ్డం కట్టి పైరు పెడతారు. ఇట్లాంటివి చూసి కూడా మాట్లాడకుండా కూర్చోవాలంటే ఎంత పట్టుదల ఉండాలి!

చివరికి వదిన మాట్లాడింది. ఎవరితో? క్యాప్టన్‌తో.

"ఏమప్పా క్యాప్టనప్పా, మీ ఊర్లో కూడా చావింటికొచ్చిన ఆడబిడ్డను ఇట్లనే తరుముతారా?"

ఆయనకు ముక్క అర్థం కాలేదు. మర్యాదస్తుడు, తల ఊపాడు. హారను కొట్టాడు.

చెల్లెలు కూడా ఆయన వైపే తిరిగింది. అరవం వచ్చి కూడా తెలుగులోనే అడిగింది, వినాల్సిన మనిషి ఆయన కాదు కదా. "ఎవరు ఎవర్ని తరిమినారో కనుక్కో క్యాప్టనప్పా. నీళ్ళు తాపిద్దామని పోతే మీదబడి ఒట్లేసిన మనుషులుంటారా మీకాడ?"

ఆయన మళ్ళీ తల ఊపాడు. మళ్ళీ హారను.

"సూడు, ఆయప్ప కూడా అవునంటాండాడు" అంది వదిన గాలితో.

ఇద్దరు ఆడవాళ్ళు తన వైపు వేలు చూపించి అంత ఆత్రంగా అడుగుతుంటే ఆయనకు ఒక్కటే తోచినట్టుంది. వీళ్ళకు బోటు నడపాలని ఉంది అనుకున్నాడు. టోపీ తీసి వదిన నెత్తిన పెట్టి, స్టీరింగు దగ్గర కూర్చోబెట్టాడు. వదిన బిగుసుకుపోయింది. జన్మలో ఎద్దుల బండి పగ్గం పట్టిందేమో గానీ చక్రం పట్టలేదు. మేస్త్రమ్మ, "మా పుంగనూరు క్యాప్టనమ్మా, ఇట్ల సూడు!" అని ఫోటో తీసింది. ఫోటో కోసం వదిన ఇటు తిరిగింది. బోటు అటు తిరిగింది.

"వదినా! గట్టు! గట్టు!" అని అరిచింది నా చెల్లెలు.

"నాకు కనపడతాండాది లేవే!" అంది వదిన.

క్యాప్టన్ నవ్వుతూ చక్రం తిప్పాడు, గట్టు తప్పిపోయింది. ఇద్దరూ ఏం జరిగిందో తెలుసుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నేనైతే కదలలేదు, కదిలితే చెడిపోతుందేమో అని. చెల్లెలు కుర్చీ ఇటువైపు జరుపుకుంది.

"వదినా, ఆ పొద్దు నేను..."

ఇంజను ఆగింది. వంటాయన దూకి కొబ్బరి చెట్టుకు తాడు కట్టాడు. భోజనం వేళకు అక్కడ బోట్లన్నీ గట్టుకు ఆనించి నిలుపుతారట. మాకెవరికి తెలుసు?

వదిన చెయ్యెత్తింది. "గట్టొచ్చింది" అని నాతో చెప్పి, మొహం తిప్పుకుంది.

నేను ఆ తాడు వైపు చూశాను. నా జన్మలో ఏ తాడునూ అంత తిట్టుకోలేదు. ఇంకొక్క నిమిషం ఉంటే అయిపోయేది.

ఆకులు వేశారు. వంటాయన పెద్ద గరిటెతో అన్నం వడ్డిస్తున్నాడు. వాళ్ళ అన్నం మెతుకు శనగ్గింజంత ఉంది. వదిన ఆకులో కుప్ప పోశాడు. వదిన, "సాకు, సాకు" అంది. కన్నడంలో సాకు అంటే చాలు. ఆయనకేం తెలుసు, ఇంకో గరిటె వేశాడు. "సాకప్పా!" అంది. ఇంకోటి. కొండ లేచింది. ఆ కొండ వెనక వదిన కనిపించడం మానేసింది.

తర్వాత ఆకు నా చెల్లెలిది. ఒక గరిటె పడగానే చెయ్యి అడ్డం పెట్టి, "పోదుం పోప్పా, పోదుం పో" అంది. గరిటె గాలిలోనే ఆగింది. ఆయన నవ్వి, పక్క ఆకుకు పోయాడు.

పక్క ఆకు మేస్త్రమ్మది. "ఏమ్మే, పోపో అని తరిమితే నవ్వుతా పోతాండాడు, సిగ్గు లేదా ఆయప్పకు?" అంది.

"తరమలేదక్కా. పోదుం అంటే అరవంలో చాలు అని. కుప్పంలో అందరం అట్లే అంటాం, నోటికి అలవాటైపోయింది."

వదిన చెయ్యి అన్నం కొండలో ఆగిపోయింది. ముద్ద కలపడం లేదు, తీయడం లేదు. పెదాలు కదిలాయి. చప్పుడు రాకుండా ఆ మాట అని చూసుకుంటోంది. పోదుం పో. పోదుం పో. నాకప్పుడు అర్థం కాలేదు. ఆమె మొహంలో రంగు మారింది, అంతవరకే చూశాను.

నా వైపు తిరిగింది. "ఏమ్మే, ఆమెను ఒక మాట అడుగు."

అడుగుతాను అని నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు. గొంతు చూపించి చెయ్యి ఊపాను. నిజంగానే పోయిందా, నువ్వే మింగేశావా అని మా మేస్త్రమ్మ ఇప్పటికీ అడుగుతుంది. డాక్టరుకే చెప్పలేదు, ఆమెకు చెప్తానా?

వదిన చుట్టూ చూసింది. మేస్త్రమ్మ చేత అడిగించే మాట కాదు అది, ఊరంతా తిరుగుతుంది. బోటు నీళ్ళలోకి పోతే తానే అడగొచ్చు. ఎంగిలి చేత్తోనే లేచి క్యాప్టన్ దగ్గరకు పోయింది. ఆయన ఒక మూల కూర్చుని తింటున్నాడు.

"క్యాప్టనప్పా, తాడు ఇప్పు" అంది. ఆయన తల ఊపాడు. "హగ్గ బిచ్చప్పా, హగ్గ!" అని కన్నడంలో అంది. చెట్టు చూపించింది, తాడు చూపించింది, వేళ్ళతో ముడి విప్పి చూపించింది. ఆయన బాగా ఆలోచించి, లోపలికి పోయి, ఆమెకు ఒక అప్పడం తెచ్చి ఇచ్చాడు.

ఆ అప్పడం పట్టుకుని వదిన బోటు నడిమధ్య నిలబడింది. ఒక పక్క క్యాప్టన్, ఆయనకు చెప్పాలంటే అరవం కావాలి. అరవం నా చెల్లెలి నోట్లో ఉంది. ఇంకో పక్క నేను, గొంతు లేనిదాన్ని. బోటు గట్టుకు కట్టేసి ఉంది. ఒట్టు అమలులో ఉంది. ఇంతమందిమి ముద్ద మింగకుండా చూస్తున్నాం.

వదిన నా చెల్లెలి ఆకు ముందు కూర్చుంది.

"ఏమే. ఆ పొద్దు కూడా ఈ మాటేనా నువ్వన్నింది?"

"ఏ మాట వదినా?"

"ఇదే. పోదుం పో."

"ఏమో... ఇదే అనింటా. ఏడ్చి ఏడ్చి నీకు ఊపిరాడకపాయె. మొగం నల్లబడిపాయె. భయమేసి, చాలు వదినా చాలు, రవ్వన్ని నీళ్ళు తాగు అని..."

"నాకు 'పో, దూరం పో' అని ఇనబడె."

చెల్లెలు చేతిలో ముద్ద ఆకులో పెట్టేసింది. వదిన ఆపలేదు.

"నా తమ్ముని ఇంట్లో, వాని పటం ముందర, నన్ను పో దూరం పో అన్నింది అనుకుంటినే! ఇన్నేండ్లూ ఆ మాట నా కడుపులో పెట్టుకోనుండా. ఎవురికీ చెప్పుకోలేకపోతిని. చెప్తే నిజమైపోతాదని."

"నిన్ను నేను యాల పొమ్మంటా వదినా? బావ పాయె. నువ్వు కూడా పోతే మా అక్కకు ఎవరుండారు ఆ పక్క?"

"నాకు అరవం రాదని తెలీదా నీకు?"

"నాకు తెలుసు వదినా. నా నోటికి తెల్దే!"

వదినకు ఏడుపు రాబోయి నవ్వు వచ్చింది. నవ్వు వచ్చాక ఏడుపు కూడా వచ్చింది. ఆ అప్పడం విరిచి సగం చెల్లెలి ఆకులో వేసింది. చెల్లెలు వదిన అన్నం కొండలో సగం తన ఆకులోకి తోడుకుంది. నేను గొంతు లేకుండా ఏడ్చాను, దానికి చప్పుడు అక్కర్లేదు కాబట్టి సరిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే, మదనపల్లెలో చాలు, పుంగనూరులో సాకు, కుప్పంలో పోదుం. మూడు ఊళ్ళవాళ్ళం ఒకే బంతిలో కూర్చుంటే, ఎక్కడ ఆపాలో వడ్డించేవాడికే కాదు, మాకూ తెలియలేదు.

మేస్త్రమ్మ ఊరుకుంటుందా? "ఏందమ్మా ఇది, బోటు గట్టుకే ఉండాది! నీళ్ళల్లోకి పోయినాక మాట్లాడండి, ఒట్టు తగుల్తాది!" అంది.

వదిన కళ్ళు తుడుచుకుని గట్టు వైపు చూసింది. "తగలదు లే. ఇది కేరళా గట్టు. దీనికి తెలుగు రాదు."

ఆ తర్వాత తాడు విప్పమని చెప్పింది నా చెల్లెలే, అరవంలో. సాయంత్రం దాకా ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఇన్నేళ్ళ మాటలూ అప్పచెప్పుకున్నారు. ఎవరింట్లో ఏ పెళ్ళికి ఎవరు ఏం వండారో, ఎవరికి ఏం నచ్చలేదో, అన్నీ. మధ్యలో ఎక్కువ భాగం నా మీద చాడీలే. నేను పక్కనే ఉన్నానని కూడా వాళ్ళకు గుర్తులేదు. క్యాప్టన్ తనను ఎవరూ ఏమీ అడగడం లేదని కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు కనిపించాడు. ఆయనే ఊరికే రెండుసార్లు హారను కొట్టాడు.

రేవుకు తిరిగి వచ్చేసరికి గట్టు రాయి మీద ఒకే కాయ ఉంది. రెండోదాని చోట తడి మరక, రెండు గింజలు, పక్కన తీరుబడిగా ముక్కు తుడుచుకుంటున్న కాకి.

"ఎవరి ఒట్టు పోయిందబ్బా?" అంది మేస్త్రమ్మ.

"నాదే" అంది వదిన గర్వంగా. "నాది పండు. నీది పచ్చికాయ, కాకి కూడా ముట్టలేదు సూడే" అని చెల్లెల్ని ఎత్తిపొడిచింది. చెల్లెలు తన కాయను ఎత్తుకుని, కొంగుకు తుడిచి, అక్కడికక్కడే కొరుక్కుని తినేసింది.

ఆపరేషన్ జరిగింది. గడ్డ తీశారు. ముక్క పరీక్షకు పోయింది. ఆ ముక్క సంగతి తెలిసేదాకా ఇద్దరూ మా ఇంట్లోనే ఉన్నారు. నేను భయపడినట్టు ఇంట్లో మౌనం లేదు. మౌనం ఉన్నా బాగుండేది అనిపించింది. గంజిలో ఉప్పు ఎంత వేయాలని ఒక గంట. మాత్ర గంజికి ముందా వెనకా అని ఒక గంట. నా దుప్పటి తలవైపు ఏది, కాళ్ళవైపు ఏది అని పొద్దున్నే మొదలు. నేను మంచం మీద పడుకుని ఇటొకసారి, అటొకసారి తల తిప్పుతూ వింటున్నాను. నాకు ఏది కావాలని ఒక్కరూ నన్ను అడగరు. నేను చేతులు ఊపితే, "ఉక్కపోస్తాందేమో" అని ఒకామె, "చలేస్తాందేమో" అని ఇంకొకామె, మళ్ళీ ఒక గంట. పటంలో మా ఆయన నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉంది. ఫోను తీగ పని పోయింది కదా, ఇంక పడుకో అన్నట్టు.

ముక్కలో ఏమీ లేదని కబురు వచ్చిన రోజు డాక్టరు నన్ను ఆసుపత్రికి పిలిపించి, మంచం మీద పడుకోబెట్టి గొంతు చూసి, ఒక మాట మాట్లాడి చూడమన్నాడు. ఇద్దరూ మంచానికి చెరో పక్క వంగి నిలబడ్డారు. అప్పటికి కూడా వాళ్ళు ఆపలేదు. ఇంటికి పోయి నాకు మొదట సంగటి పెట్టాలా, చారన్నం పెట్టాలా అని నా మీదుగా వాదించుకుంటున్నారు. ఇన్నాళ్ళు దాచిపెట్టుకున్న గొంతు. దేవుడి పేరు అందామనుకున్నాను, ఆయన పేరు అందామనుకున్నాను. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. పాత రంపం కొత్తగా సానబెట్టినట్టు వచ్చింది.

"పోదుం!"

ఇద్దరూ నోరు మూశారు. వదిన నడుం నిలబెట్టి నా చెల్లెలి వైపు చూసింది.

"ఏమే, మీ అక్క చాలంటాందా, మనల్ని పొమ్మంటాందా?"